వార్తల్లో పదం: ఫేజ్ టైపింగ్

సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో కలుషితమైన ఆహారం గురించిన వార్తల్లో కనిపించే పదమిది. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లే ఫేజ్‌లు. ఏ ఫేజ్‌లకు లొంగుతుందో చూసి బ్యాక్టీరియాకు టైపు సంఖ్య ఇవ్వడమే ఫేజ్ టైపింగ్.

గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా పొరపై రకరకాల ఫేజ్‌ల చుక్కలు వేస్తారు. బ్యాక్టీరియా చచ్చినచోట పొర తేటపడుతుంది.

చిక్కల్లా ప్లాస్మిడ్‌తోనే. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరే ఈ డీఎన్ఏ వలయం యాంటీబయాటిక్ నిరోధకతతోపాటు, కొన్నిసార్లు ఫేజ్ డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమునూ తెస్తుంది. దాంతో ఫేజ్ పనిచేయదు, టైపు మారిపోతుంది.

నిరోధక ప్లాస్మిడ్ చేరాక సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ టైప్ 4 కాస్తా టైప్ 24 అవుతుందని బ్రిటన్ పరిశోధకులు 1989లో చూపారు.

కాబట్టి టైపు మారినంత మాత్రాన వ్యాధి మూలం వేరని తేల్చలేం. మూలాన్ని తేల్చేందుకు ఇంగ్లండ్ ఇప్పుడు పూర్తి జన్యుక్రమ విశ్లేషణపైనే ఆధారపడుతోంది.