నేర్పు దాచిన ఆటగాండ్రు

మధురవాడ ప్రక్కన పోతినమల్లయ్యపాలెములోని క్రికెట్ మైదానమున రాత్రివేళ ఆట జరుగునపుడు ఆ దీపముల వెలుగు మా మేడమీదికి కూడ వచ్చును. 2005 ఏప్రిల్ 5వ తేదీన ధోని పాకిస్తాను జట్టుపై 148 పరుగులు చేసినది ఈ మైదానముననే. నాటినుండి ఆయన పేరు దేశమంతట మారుమ్రోగెను. ఆటగాడనగా ఇట్టివాడేయని మన తలంపు. తన నేర్పు పదిమందికి తెలియవలెనని ఆతడు కోరును. తెలిసినకొలది ఆతనికి లాభము.

కాని నేర్పు పదిమందికి తెలిసిననాడు బ్రతుకుతెరువు పోగొట్టుకొను ఆటగాండ్రును ఒకప్పుడుండిరి. వారు అమెరికాలో ఊరూరు తిరిగి, పందెము వేసి, పూల్ అను బంతులాట ఆడినవారు. ఆటలో వారు మొదట నేర్చినది కొట్టుట. పిమ్మట నేర్చినది తప్పుట. వారిని గూర్చి తెలిసికొన్నచో ఆటను గూర్చియే కాక, మోసమును గూర్చియు, కీర్తిని గూర్చియు కొంత తెలియగలదు.

ముందుగా ఆట సంగతి. బిలియర్డ్స్, స్నూకర్, పూల్ అనునవి ఒకే కుటుంబములోని ఆటలు. పలకరాతిపై పచ్చని గుడ్డ బిగించిన బల్ల, దాని చుట్టు రబ్బరు అంచులు, నాలుగు మూలలను, రెండు పొడవు ప్రక్కల నడుమను కలిపి ఆరు సంచులు, కొనకు తోలుబిళ్ల అతికిన పొడవైన కఱ్ఱ, ఇవియే పరికరములు. ఆటగాడు కఱ్ఱతో తెల్లబంతిని పొడుచును. అది వేరొక బంతిని తాకి దానిని సంచిలో పడవేయవలెను. బిలియర్డ్స్‌కు మూడు బంతులు, స్నూకర్‌కు ఇరువదిరెండు. పూల్‌లో తెల్లబంతి గాక, అంకెలు వేసిన పదునైదు బంతులుండును. ఒక బంతిని పడవేయుట అంత కష్టము కాదు. పడవేసిన పిమ్మట తెల్లబంతి తరువాతి దెబ్బకు అనువైన చోట నిలుచునట్లు చేయుటయే అసలు విద్య. క్యారమ్స్ ఆడిన ప్రతి ఇంటివారికిని ఈ మర్మము కొంత తెలియును.

ఈ కుటుంబములో స్నూకర్ మన దేశముననే పుట్టినది. 1875లో జబల్పూరులోని సైనికాధికారులు దానిని కల్పించిరి. ఉదకమండలపు క్లబ్బులో దాని నియమములు స్థిరపడినవి. అయినను మన దేశమున ఈ బల్ల చిరకాలము క్లబ్బుల గోడల మధ్యనే ఉండిపోయెను. 1883లో వెలసిన మన వాల్తేరు క్లబ్బు వంటి చోట్లకు సభ్యులును వారి అతిథులును తప్ప దారినపోవువారు పోజాలరు. అమెరికాలో అట్లు కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో అచ్చటి పట్టణములలో పూల్ గదులు విరివిగ నుండెడివి. చిల్లర డబ్బులిచ్చిన ఎవడైనను కఱ్ఱ పట్టవచ్చును. అందుచేతనే బాటసారి ఆటగాడు అచ్చట పుట్టెను. తలుపు తెరచియున్న చోటనే గదా అపరిచితుడు లోనికి రాగలడు!

అతని పద్ధతి యెట్టిదో మా చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పిన సులభముగ తెలియును. ఒక పెండ్లిలో మగపెండ్లివారి విడిదియింట మేము పిల్లలము క్యారమ్స్ ఆడుచుంటిమి. పెండ్లికొడుకు మేనమామగారు మా ప్రక్కన చేరి, "నాకీ ఆట అంతగా రాదర్రా" అనుచు కూర్చుండిరి. రెండు ఆటలు ఓడిరి. మూడవ ఆటకు జీళ్లు పందెమన్నారు. మేము ఎగిరి గంతులు వేసితిమి. ఆ ఆట ఆయన ఒక్క కాయ తేడాతో గెలిచిరి. నాలుగవదియు అంతే. సాయంకాలమునకు మా జీళ్లపొట్లములన్నియు ఆయన కండువాలో నుండెను. పిమ్మట నవ్వుచు అన్నియు మాకే పంచి యిచ్చిరనుకొనుడు. కాని ఆనాడు మాకు కష్టము తోచినది జీళ్లు పోయినందుకు కాదు. మొదటి రెండు ఆటలలో మేము గెలిచిన గెలుపు గెలుపు కాదని తెలిసినందుకు.

బాటసారి ఆటగాడు చేయునదియు ఇదియే. జీళ్లు మాత్రము తిరిగి యియ్యడు. అమ్మకములకై ఊళ్లు తిరుగు వర్తకునివలెనో, పల్లెటూరి రైతువలెనో గదిలోనికి వచ్చును. అచ్చటి కఱ్ఱలలో నొకటి తీసికొని అయిష్టముగ ఆడును. సులభమైన బంతిని తప్పును. కొద్ది సొమ్ము ఓడును. పందెము పెరిగిన పిమ్మట గెలుచును. అదియు అదృష్టము కలిసివచ్చినట్లు, కొద్దిపాటి తేడాతోనే. ఓడినవానికి "ఇంకొక్క ఆట ఆడినచో నా సొమ్ము నాకు వచ్చును" అనిపించవలెను. ఇందులోని కష్టము పైకి కనబడదు. చేయి తిరిగినవానికి చక్కని దెబ్బ కొట్టవలెనని లోపలినుండి తహతహ. చూచువారు మెచ్చుకొనవలెనని ఆశ. ఆ రెంటిని అణచుకొన్నవాడే ఈ వృత్తిలో నిలువగలడు. నెడ్ పోల్‌స్కీ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ ఆటగాండ్రతో కలసి తిరిగి, వారి జీవనమును పరిశీలించి, 1967లో పుస్తకముగ ప్రకటించెను. ఆయన చూపినదియు ఇదియే: తన నిజమైన నేర్పును బయటపెట్టకుండుట ఈ వృత్తికి మొదటి నియమము.

ఆడువాడొకడు, సొమ్ము పెట్టువాడొకడుగ ఇద్దరు కలసి బయలుదేరుటయు కలదు. గెలిచినది ఇద్దరును పంచుకొందురు; ఓడినచో నష్టము సొమ్ము పెట్టినవానిది. ఇది మనకు క్రొత్త కాదు. ధర్మరాజుకు జూదమనిన ప్రీతి యున్నదిగాని ఆడుట తెలియదనియు, పిలిచినచో రాక మానడనియు శకుని దుర్యోధనునితో చెప్పెను. పణము పెట్టినది దుర్యోధనుడు, పాచికలు వేసినది శకుని. ప్రీతి యుండి నేర్పు లేనివానిని వెదకుట, పెట్టుబడి యొకరిది, చేయి యొకరిది యగుట, ఇవన్నియు ఆ సభలోనే యున్నవి. అయితే ఒక్క భేదము. శకుని నేర్పరియని సభలోనివారికి తెలియును. విదురుడు వలదనియు చెప్పెను. పూల్ గదిలో విదురుడుండడు.

ఈ వృత్తి క్రమముగ క్షీణించెను. పూల్ గదులకు ఆధారము ఇల్లు, సంసారము లేని ఒంటరి మగవారనియు, అట్టివారి సంఖ్య తగ్గుటతో గదులును తగ్గినవనియు పోల్‌స్కీ అభిప్రాయపడెను. 1959లో వాల్టర్ టెవిస్ వ్రాసిన 'ది హస్లర్' నవల, 1961లో వచ్చిన దాని చలనచిత్రము ఈ ఆటకు మరల ప్రాణము పోసినవి. కాని అదే వెలుగు దాగియుండువారికి చేటయ్యెను. ఆ సంవత్సరమే ఇల్లినాయి రాష్ట్రములోని జాన్‌స్టన్ సిటీ అను చిన్న ఊరిలో జాన్‌స్కో సోదరులు బాటసారి ఆటగాండ్రకు పోటీలు ప్రారంభించిరి. అంతవరకు మారుమూల గదులలో ఆడినవారు పేర్లతో సహా ప్రజలయెదుట నిలిచిరి, పత్రికలు వచ్చెను, టెలివిజనువారును వచ్చిరి. ఉత్తర కరోలినాకు చెందిన లూథర్ లాసిటర్ వంటి మేటి ఆటగాడు అచ్చట లోకమునకు తెలిసెను. పోటీల వెనుక రాత్రులందు పెద్ద పందెములును సాగెడివి. 1972లో కేంద్ర ప్రభుత్వాధికారులు దాడి చేయుటతో ఆ సంబరము ముగిసెను.

ఆ కాలమున ఒకడు మాత్రము వెలుగునే వ్యాపారము చేసికొనెను. రుడాల్ఫ్ వాండెరోన్ అను స్థూలకాయుడు ఆ చిత్రములోని 'మిన్నెసోటా ఫ్యాట్స్' అను పాత్ర తానేయని చాటుకొనెను. రచయిత కాదనెను. ఈతడు మానలేదు. ప్రధానమైన పోటీ ఒక్కటియు గెలువకయే దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. విల్లీ మోస్కోనీ దీనికి పూర్తిగ భిన్నుడు. 1954లో ఒక ప్రదర్శనలో ఒక్కటియు తప్పకుండ వరుసగ 526 బంతులు పడవేసిన మహానిపుణుడు. పలుమార్లు ప్రపంచ విజేత. 1978 ఫిబ్రవరిలో ఈ యిద్దరును టెలివిజనులో తలపడగా మోస్కోనీయే గెలిచెను. కాని మాటలతో నవ్వించిన ఫ్యాట్స్ పేరే జనుల నోట ఎక్కువగ నిలిచెను. లెక్క ఒకరిది, కథ ఒకరిది!

పేరు ఎంత బరువో ఇంకొక ఉదాహరణము వలన తెలియును. ఫిలిప్పీన్సు దేశపు ఎఫ్రెన్ రేయెస్ 1985లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమునకు వచ్చెను. అతడు వచ్చుటకు ముందే అతని పేరు ఆటగాండ్రలో వ్యాపించియుండెను. కనుక సీజర్ మొరాలెస్ అను మారుపేరుతో పోటీలో ప్రవేశించి గెలిచెను. విరటుని కొలువులో జూదమాడు కంకుభట్టు ధర్మరాజేయని ఎవరికి తెలియును? అట్లే యిదియును. కాని రేయెస్ అజ్ఞాతవాసమునందే ఉండిపోలేదు. సొంత పేరుతో ఆడి 1999లో ప్రపంచ విజేత యయ్యెను. దాచిన నేర్పుకన్న చాటిన నేర్పు ఎక్కువ సంపాదించు కాలము అప్పటికే వచ్చియుండెను.

మన త్రోవలమీదను పందెపు విద్వాంసులు తిరిగిరి. తిరుపతి వేంకటకవులు సంస్థానమునుండి సంస్థానమునకు పోయి అవధానములు చేసిరి. కాని వారు నేర్పును దాచలేదు. మీసములు పెంచి, అదియే సవాలుగ ప్రకటించిరి. తమను గెలిచినవారికి ఆ మీసములు తీసి మ్రొక్కెదమనిరి. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కస్ కంపెనీతో తిరిగి, వేలమంది యెదుట రొమ్ముపై ఏనుగును నిలిపించుకొనిరి. ఆయన విగ్రహము నేడు విశాఖ సముద్రతీరమున నున్నది. వారి యాత్రయు సొమ్ముతో కూడినదే. అయినను ఎదుటివాడు ఎవరితో తలపడుచున్నాడో తెలిసియే తలపడెను.

రమ్మీ ఆట ప్రధానముగ నేర్పుపై ఆధారపడినదేయని సుప్రీంకోర్టు 1967లో మన సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అదృష్టమా, నేర్పా అనునది న్యాయస్థానము అడుగు ప్రశ్న. పూల్ గదిలోని బాటసారి విషయమున ఆ ప్రశ్న చాలదు. అతని ఆట యావత్తు నేర్పే. అందు లోపించినది సత్యము. అతడు అమ్మినది ఆటను కాదు. ఎదుటివానికి వాని బలమును గూర్చి కలిగించిన భ్రమను.

అయినను వారిని తలచుకొనునపుడు కోపమొక్కటే కలుగదు. మోస్కోనీ పడవేసిన బంతులకు లెక్క యున్నది. వారు బుద్ధిపూర్వకముగ తప్పిన బంతులకు లెక్క యెవరు వ్రాసిరి? వారి మంచి దెబ్బలలో అధిక భాగము అదృష్టము క్రిందనే జమపడినవి. తమ విద్యకు దక్కవలసిన మెప్పును వారే తమ చేతులతో కాదనుకొనిరి. మోసపోయినవాడు సొమ్ము నష్టపోయెను. మోసగించినవాడు పేరు నష్టపోయెను.

విడిదిలోని ఆ మేనమామగారు ఆనాటి సాయంకాలము జీళ్లు పంచి యిచ్చిన పిమ్మట, బల్లమీద తొమ్మిది కాయలను పరచి, ఒక్కొక్కటిగ, ఒక్కటియు తప్పకుండ వేసి చూపించిరి. మేము నోరు తెరచుకొని చూచితిమి. జీళ్లకన్న ఆయనకు ఆ చూపులే ముద్దని ఇప్పుడు తోచుచున్నది.