కళ్ళు మూసుకుంటే ఎందుకు తూలుతాం?

ఒక చిన్న ప్రయోగం చేయండి. గోడ అందేంత దగ్గరలో ఒంటికాలి మీద నిలబడి పది లెక్కపెట్టండి. ఇప్పుడు కళ్ళు మూసుకొని మళ్ళీ ప్రయత్నించండి. ఒళ్ళు ఊగిపోతోంది కదూ! ఎందుకని?

మనం పడకుండా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి వార్తలు అందాలి. మొదటిది కళ్ళు. రెండోది లోపలి చెవి. మూడోది పాదాల చర్మం, కీళ్ళు, కండరాలు. ఈ మూడో వార్తను మోసుకుపోయేవి నాడులు. వాడుకలో వీటినే నరాలంటాం. కాలివేళ్ళ నుంచి నడుము దాకా సాగే ఒక్కొక్క నాడీతంతువు పొడవు దాదాపు 1 మీటరు!

మధుమేహం, అంటే చక్కెర వ్యాధి, ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే నాడులు దెబ్బతింటాయి. సాధారణంగా అన్నిటికన్నా పొడవైన తంతువులే ముందు చెడతాయి. అందుకే తిమ్మిరి, మంట కాలివేళ్ళలో మొదలై పైకి పాకుతాయి. కొందరికి స్పర్శే పోతుంది. కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. చీకట్లో కళ్ళ సాయం కూడా ఉండదు గనక తూలిపడతారు.

మరి అలాంటివారు కదలకుండా కూర్చోవడమే మేలా? కాదు. పనిలేని కండరం నీరసిస్తుంది. పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా చేసే వ్యాయామంతో కాళ్ళకు బలం వస్తుంది. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును వాడుకుంటుంది. మిగిలిన వార్తలతోనే నిలదొక్కుకోవడం మెదడు నేర్చుకుంటుంది. అయితే చెడిన నాడులన్నీ వ్యాయామంతో బాగవుతాయని మాత్రం అనుకోకూడదు.

కుర్చీలో కూర్చుని పాదాలను పైకీ కిందికీ ఆడించడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బరువైన బల్ల పట్టుకుని మడమలెత్తి దించడం, శరీరం బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మెల్లగా మార్చడం ఇలాంటి వ్యాయామాలే. చైనాలో పుట్టిన తాయ్ చీలోని కదలికలూ ఈ తరహావే. డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. పక్కన ఒకరుండాలి. కాళ్ళకు సరిపోయే చెప్పులో బూట్లో ఉండాలి.

మీ తాతగారికో అమ్మమ్మకో ఈ బాధ ఉంటే మీరు చేయగల పని ఒకటుంది. రోజూ వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడండి. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా వారికి నొప్పి తెలియకపోవచ్చు. పుండు కనిపిస్తే ఆ కాలి మీద బరువు వేసే వ్యాయామం ఆపించి, వెంటనే డాక్టరుకు చూపించండి. వారి నాడులు చెప్పలేని వార్తను మీ కళ్ళు చెప్పగలవు!