ఎకో రిపోర్టులో ‘వాల్వు లీక్’ అని ఉందా? కంగారు వద్దు, అశ్రద్ధ అసలే వద్దు



స్కూల్ హెల్త్ చెకప్‌లో డాక్టరుగారు ‘గుండె చప్పుడులో కొంచెం తేడా ఉంది, ఎకో తీయించండి’ అని రాసిస్తే ఏ ఇంట్లోనైనా ఆ రాత్రి నిద్ర పట్టదు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న చాలామంది పిల్లల్లోనూ ఇలాంటి చప్పుడు (మర్మర్) వినిపిస్తుంది. తీరా రిపోర్టు వచ్చాక అందులో ‘ట్రివియల్ టి.ఆర్.’, ‘మైల్డ్ ఎం.ఆర్.’ అన్న మాటలు చూసి కొందరు భయంతో పిల్లల ఆటలు మాన్పిస్తారు. మరికొందరు ‘బాగానే ఆడుకుంటున్నాడుగా’ అని రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. రెండూ సరికాదు.

ఎకో అంటే ఏమిటి?

గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే. ఛాతీపై జెల్ రాసి, ధ్వని తరంగాలతో గుండెను తెరపై చూస్తారు. సూది, నొప్పి, రేడియేషన్ ఏవీ ఉండవు. తెరపై కనిపించే ఎరుపు, నీలం రంగులు మంచి రక్తం, చెడు రక్తం కావు. ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఎర్రగా, దూరంగా పోయే రక్తం నీలంగా కనిపిస్తుంది, అంతే.

లీక్ అంటే ఏమిటి?

బోరు మోటారుకు ఫుట్ వాల్వు సరిగ్గా మూసుకోకపోతే నీళ్లు వెనక్కి జారిపోతాయి కదా! గుండెలోని నాలుగు వాల్వుల పనీ అదే: రక్తాన్ని ముందుకే పోనివ్వడం. ఏ వాల్వు దగ్గర రక్తం వెనక్కి వస్తోందో రిపోర్టులోని మొదటి అక్షరం చెబుతుంది. టి.ఆర్., పి.ఆర్. కుడివైపు వాల్వులవి. ఎం.ఆర్., ఏ.ఆర్. ఎడమవైపువి.

కుడివైపు ‘ట్రివియల్’ లీక్ ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఉంటుంది. గుండె నిర్మాణం మామూలుగా ఉంటే దానికి మందులు అక్కర్లేదు, ఆటలూ ఆపనక్కర్లేదు. ఎడమవైపు లీక్ కొద్దిగా ఉన్నా, కారణమేమిటో పిల్లల గుండె వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. తీవ్రతను ట్రివియల్, మైల్డ్, మోడరేట్, సివియర్ అనే వరుసలో రాస్తారు. మోడరేట్, ఆపైన ఉంటే క్రమం తప్పకుండా చూపించాలి.

‘ఈ.ఎఫ్. 60 శాతం’ అంటే?

గుండెకు నూటికి 60 మార్కులే వచ్చాయని కాదు! ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత బయటికి వెళ్తోందో చెప్పే లెక్క ఇది. సుమారు 55 నుంచి 70 వరకు మామూలే. అయితే ఎం.ఆర్. ఎక్కువగా ఉన్నప్పుడు కొంత రక్తం వెనక్కి పోతున్నా ఈ అంకె బాగానే కనిపించవచ్చు. అందుకే డాక్టర్లు గదుల సైజును కూడా కలిపి చూస్తారు.

గొంతునొప్పికీ గుండెకూ సంబంధం

మన దేశంలో పిల్లల వాల్వులు దెబ్బతినడానికి ఒక ముఖ్య కారణం రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల వయసులో ఎక్కువగా వస్తుంది. స్ట్రెప్ అనే బ్యాక్టీరియాతో గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలు తర్వాత ఇంకో కీలు వాచి నొప్పి పెట్టడం, ఆయాసం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ జబ్బు అని తేలిన పిల్లలకు సాధారణంగా 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఏళ్ల తరబడి వేయించాలి. పరీక్షలనో, ఊరెళ్లామనో, బాగానే ఉన్నాడనో మానేయకండి. ఆ ఇంజెక్షన్ జ్వరం మళ్లీ రాకుండా, వాల్వు మరింత పాడవకుండా కాపాడుతుంది.

డాక్టరుగారిని అడగాల్సినవి

• ఏ వాల్వు? లీక్ ఎంత? కారణమేమిటి?
• గుండె గదుల సైజు మామూలుగానే ఉందా?
• ఆటలు, పి.ఇ.టి. పీరియడ్‌లో పరిమితులు ఉన్నాయా?
• మళ్లీ ఎకో ఎప్పుడు?
• పంటి వైద్యానికి ముందు జాగ్రత్తలు కావాలా?

పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్‌లో ఉంచండి. ఒక్క రిపోర్టు కన్నా రెండింటి మధ్య తేడాయే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. ఆపరేషన్ అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హత ఉందేమో ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి.

చివరగా ఒక మనవి. విషయం క్లాస్ టీచరుకు, పి.ఇ.టి. సారుకు తప్పక చెప్పండి. ఆడుతూ ఆయాసపడినా, ఛాతీ నొప్పి అన్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఏం చేయాలో మాకు ముందే తెలిసి ఉండాలి. అలాగే డాక్టరు ఆడుకోవచ్చన్న బిడ్డను మైదానం పక్కన కూర్చోబెట్టకుండా ఉండటానికీ ఆ సమాచారమే ఆధారం.