కన్ను బాగుంది, చూపేది?

నల్లబల్ల మీద రాసింది కనపడని పిల్లవాణ్ణి పట్టుకోవడం మా ఉపాధ్యాయులకు కష్టం కాదు. కళ్లు చికిలిస్తాడు, పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తాడు. మాకు దొరకనివాడు ఇంకొకడు. వాడికి ఒక కన్ను చక్కగా కనపడుతుంది, రెండోది మసక. మంచి కంటితోనే అన్ని పనులూ జరిగిపోతాయి కనుక వాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. ఏ పదో తరగతిలోనో డాక్టరు ఒక కన్ను మూసి చదవమంటే బయటపడుతుంది. అప్పుడు అద్దాలు పెట్టినా చిన్న అక్షరాలు ఆనవు. కంటిలో చూస్తే జబ్బేమీ ఉండదు. దీన్ని లేజీ ఐ అంటారు. ఆ పేరు మాకు నచ్చదు. అందులో సోమరితనమేమీ లేదు, లోటు కంటిది కాదు, మెదడుది.

మెదడు పైపొరను కార్టెక్స్ అంటారు. తల వెనుక భాగంలోని కార్టెక్స్ చూపు పని చూస్తుంది. నాడీకణాలు ఒకదానికొకటి సందేశం అందించుకునే చోట్లు సినాప్స్‌లు. అభ్యాసంతో ఇవి బలపడతాయని మేము బి.ఎడ్.లో చదువుకున్నాం. బలహీనపడటం కూడా అంతే ముఖ్యమని ఎవరూ చెప్పలేదు.

1960లలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజల్ అమెరికాలో పిల్లికూనల ఒక కంటి రెప్పలు కుట్టి, తరువాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉంది. కార్టెక్స్‌లో మాత్రం ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు మిగలలేదు. నాలుగైదు వారాల కూనకు కొద్ది రోజులు మూసినా చాలు, పెద్ద పిల్లికి నెలల తరబడి మూసినా ఏమీ కాలేదు. వీరికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

వాడని కత్తికి తుప్పు పట్టినట్టు, వాడని బంధం చెడిందని ఎవరైనా అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. అది నిజం కాదు. 1992లో సెరీనా డుడెక్, మార్క్ బేర్ ఎలుక మెదడు ముక్కలో, జ్ఞాపకాలకు సంబంధించిన భాగంలో, ఒక దారికి సెకనుకు ఒకటి చొప్పున 900 చిన్న విద్యుత్ తాకిడులు ఇచ్చారు. పదిహేను నిమిషాల పని. ఆ దారి సినాప్స్‌లు బలహీనపడి, అలాగే ఉండిపోయాయి. మరుసటి ఏడు చూపు కార్టెక్స్‌లోనూ ఇదే కనపడింది. దీని పేరు లాంగ్ టర్మ్ డిప్రెషన్. మనసు కుంగుబాటుకూ దీనికీ సంబంధం లేదు.

లోపల జరిగేది ఇది. గట్టి సందేశం వస్తే అందుకునే కణంలోకి కాల్షియం ఒక్కసారిగా ఎక్కువగా చేరుతుంది, బంధం బలపడుతుంది. బలం లేని సందేశం పదే పదే వస్తే కాల్షియం కొద్దికొద్దిగా చేరుతుంది. అప్పుడు కణం, సందేశం పట్టుకునే ప్రొటీన్లను పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటుంది. అంటే తలుపు తానే మూస్తుంది. 1999లో బేర్ బృందం పిల్లికూనల మీద చేసిన ప్రయోగం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మందుతో పూర్తిగా మూగబోయిన కంటి కన్నా, రెప్ప మూసి మసక వెలుతురు మాత్రమే అందిన కంటి బంధాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. మౌనం కన్నా మసక సందేశమే ఎక్కువ చేటు చేసింది.

మెదడుకు ఈ పని అవసరమే. పాతవి సడలకపోతే కొత్తవి నేర్చుకోవడానికి చోటుండదు. అయితే మెల్లకన్ను, రెండు కళ్లకూ పవర్‌లో పెద్ద తేడా, శుక్లం ఉన్న బిడ్డ విషయంలో ఆ పనే ఎదురు తిరుగుతుంది.

చికిత్స ఖరీదైనది కాదు. ముందు అద్దాలు, తరువాత మంచి కంటికి పట్టీ. ఏడేళ్లలోపు పిల్లల మీద 2003లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, లోపం మధ్యరకంగా ఉంటే రోజుకు 2 గంటల పట్టీ, 6 గంటల పట్టీ నాలుగు నెలలకు ఒకే ఫలితం ఇచ్చాయి. పెద్దపిల్లల్లోనూ కొందరికి మెరుగవుతుంది కానీ ఆ వయసు దాటేకొద్దీ తక్కువ. పుట్టుకతో దట్టమైన శుక్లం ఉంటే వ్యవధి వారాలలోనే.

మా బడిలో ఒకటో తరగతి పిల్లలను ఏటా వరండాలో అక్షరాల పటానికి ఆరు మీటర్ల దూరాన నిలబెట్టి, ఒక్కొక్క కన్నే మూసి చదివిస్తున్నాం. చేత్తో మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూసేస్తున్నారు. అందుకని అట్టముక్క ఇస్తున్నాం.