పాత తెరచాప పడవ: నీటిలోనికి దింపుటకు ముందు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సరస్సులకు, సముద్రమునకు దూరముగా నివసించు కుటుంబములు సైతము తెరచాప పడవలను ఉంచుకొనుట కలదు. పడవను ట్రైలరుపై ఎక్కించి, కారు వెనుక తగిలించి, సెలవు దినములలో ఒడ్డునకు తీసికొనిపోవుదురు. అచ్చట స్తంభమును నిలబెట్టి, ఏటవాలు గట్టు మీదుగా ట్రైలరుతో సహా పడవను నీటిలోనికి నెట్టుదురు. ఇట్టి పడవలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది కాటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన చేసిన ఈ పడవ 1970 ప్రాంతమున కాలిఫోర్నియాలో తయారగుట ఆరంభమైనది. తరువాతి దశాబ్దములలో ఇట్టివి పదిహేను వేలకు పైగా తయారైనవి. దీని పొడవు 21.5 అడుగులు, బరువు సుమారు 2,250 పౌనులు, అనగా 1,020 కిలోగ్రాములు.

ఆ తొలినాటి పడవలకు ఇప్పుడు ఏబది ఏండ్లు దాటినవి. ఎన్నో పడవలు ఇంటి పెరళ్లలో కప్పు క్రింద ఏండ్ల తరబడి పడియుండును. వాటిని తక్కువ వెలకు కొని బాగుచేసికొనువారు అనేకులు. కడిగి, మెరుగుపెట్టి, రంగు వేసినచో పాత పడవయు క్రొత్తదానివలె కనిపించును. అయితే గాలి హెచ్చి, ఒడ్డు దూరమైనపుడు మనుష్యుల ప్రాణములను కాపాడునవి రంగు క్రింద దాగియున్న భాగములు. అవి ఎట్లు చెడునో, ఆ చెడుగును ఎట్లు కనిపెట్టవలెనో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతిక, రసాయనిక శాస్త్రములే చాలును.

నీరు లోపలికి వచ్చు త్రోవలు

తేలుచున్న వస్తువు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని తొలగించునని ఆర్కిమిడీసు సూత్రము. 1,020 కిలోగ్రాముల పడవ మంచినీటి సరస్సులో 1.02 ఘనమీటర్ల నీటిని తొలగించి తేలును. నలుగురు మనుష్యులు ఎక్కినచో ఇంకను సుమారు 280 లీటర్ల నీరు తొలగవలెను. ఆ మేరకు పడవ క్రిందికి దిగును. లోపల చేరిన నీరు కూడ పడవ మోయవలసిన బరువే.

పాత పడవలలో వాడిన నీరు బయటికి పోవుటకు నీటిమట్టము క్రింద రంధ్రములుండి, వాటికి ఇత్తడి కవాటములు బిగించియుండుట కద్దు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమలోహము. ఉప్పునీటిలో చాలకాలమున్న ఇత్తడి నుండి జింకు క్రమముగా కరగిపోవును. మిగిలిన రాగి స్పంజివలె బోలుగా, గులాబి ఛాయతో నిలుచును. ఆకారము మారదు గనుక కంటికి లోపము తోచదు. కాని గట్టిగా త్రిప్పినచో విరుగును.

అట్టి కవాటము నీటిలో విరిగినచో ఏమగును? నీటిమట్టమునకు 30 సెంటీమీటర్ల దిగువన 2.5 సెంటీమీటర్ల వ్యాసముగల రంధ్రము ఏర్పడినదనుకొందము. టారిచెల్లి సూత్రము ననుసరించి నీరు సెకనుకు సుమారు 2.4 మీటర్ల వేగమున లోపలికి చిమ్మును. రంధ్రము దాటగానే ధార సన్నబడుటను లెక్కలోనికి తీసికొనినను నిమిషమునకు 40 లీటర్లకు తక్కువ కాదు. ప్రవాహము అట్లే సాగినచో ఇరువదియైదు నిమిషములలో ఒక టన్ను, అనగా పడవ బరువంత నీరు, లోపల చేరును. కావున ఇత్తడి కవాటములను తీసివేసి కంచు కవాటములను అమర్చుట మొదటి పని. ఎండకు బిరుసెక్కిన రబ్బరు గొట్టములను కూడ మార్చి, ఒక్కొక్క కొనకు రెండేసి బిగింపు పట్టీలు వేయుదురు. ప్రతి రంధ్రము చెంత దానికి సరిపడు కొయ్య బిరడాను దారముతో కట్టియుంచుట మంచి వాడుక.

పొట్టుపై బొబ్బలు

పడవ శరీరము ఫైబర్‌గ్లాసుతో చేయబడినది. గాజునూలు వస్త్రమును పాలియెస్టరు రెజిన్‌లో తడిపి, అచ్చులో పొరలుగా పేర్చి గట్టిపరచినదే ఫైబర్‌గ్లాసు. దాని వెలుపల జెల్‌కోటు అను నున్నని పొర ఉండును. ఇది నీటిని పూర్తిగా ఆపునని తోచును. కాని ఏండ్ల తరబడి నీటిలోనున్నపుడు నీటి అణువులు కొద్దికొద్దిగా దీనిగుండ దూరును. లోపల రెజిన్‌లో మిగిలియున్న కరగు పదార్థములతో కలిసి అవి చిక్కని ద్రావణమగును. అంతట జెల్‌కోటు అర్ధప్రవేశ్యమైన పొరగా పనిచేసి, ద్రవాభిసరణము వలన మరింత నీటిని లోనికి రానిచ్చును. పీడనము పెరిగి పొర ఉబ్బి బొబ్బ యగును. ఎండుద్రాక్షను నీటిలో వేసినచో కొన్ని గంటలలో ఉబ్బుట విద్యార్థు లెరుగుదురు. రెండింటికిని కారణ మొక్కటే.

బొబ్బను పొడిచినచో పుల్లని వాసనగల ద్రవము వెలువడును. బొబ్బలను తెరచి, మంచినీటితో పలుమార్లు కడిగి, వారముల తరబడి ఆరనిచ్చి, పిమ్మట ఎపాక్సీ రెజిన్‌తో పూడ్చవలెను. తొందరపడి తడి మీదనే పూడ్చినచో కరగు పదార్థము లోపలనే మిగిలి బొబ్బ మరల లేచును. అయితే అక్కడక్కడ కనిపించు చిన్న బొబ్బల వలన పడవ మునిగిపోదు. సమయము, ధనము పరిమితమైనపుడు కవాటములు, తీగలు, కీల్ ముందు, బొబ్బలు తరువాత.

ఊగు కీల్

తెరచాపపై గాలి వీచినపుడు పడవ ఒక ప్రక్కకు ఒరుగును. దానిని మరల నిలబెట్టుటకు అడుగున బరువు కావలెను. ఆ బరువే కీల్. కాటలీనా 22లో చాల పడవలకు పోత ఇనుముతో చేసిన ఊగు కీల్ ఉండును. దాని బరువు 550 పౌనులు, అనగా 250 కిలోగ్రాములు. పడవ మొత్తము బరువులో నాలుగవ వంతు. ముందు కొనవద్ద ఒక ఇరుసుపై ఇది తిరుగును. వెనుక కొనకు ఉక్కు తీగ కట్టి, లోపలి వించి త్రిప్పి పైకి లేపుదురు. కీల్ దించినపుడు పడవకు సుమారు 5 అడుగుల లోతు నీరు కావలెను; లేపినపుడు 2 అడుగులు చాలును. ట్రైలరుపై ఎక్కించుటకు ఈ సౌకర్యము మిక్కిలి అవసరము.

కీల్ లేపియున్నపుడు తీగ తెగినదనుకొందము. 250 కిలోగ్రాముల ఇనుము ఊగి క్రిందికి పడును. దాని గురుత్వకేంద్రము అరమీటరు దిగినచో 1,200 జౌళ్లకు పైగా స్థితిజశక్తి గతిజశక్తిగా మారును. నీరు కొంత అడ్డగించినను, ఆ తాకిడికి కీల్ ఇమిడియుండు అర పగిలి పడవలోనికి నీరు రావచ్చును. తీగ సన్ననిది, అందులో మొదట చెడునది నీటిలో మునిగియుండు చివరి ముడి. అచట ఒక్క పోగు తెగియున్నను తీగ మొత్తము మార్చవలెను. ఇరుసు అరిగినదా, దాని రంధ్రము కోలగా సాగినదా అనునది కూడ చూడవలెను. ఇరుసు వదులైనచో కీల్ ప్రక్కలకు కొట్టుకొనుచు రంధ్రమును మరింత పెద్దది చేయును.

ఈ పనికి కీల్‌ను విప్పునపుడు దాని క్రింద గట్టి దిమ్మెలు పేర్చవలెను. జాకీని మాత్రమే నమ్మి ఎవ్వరును క్రిందికి దూరరాదు. త్రుప్పు గోకిన పిమ్మట ఇనుముపై ఎపాక్సీ పూత పలుమార్లు వేయుదురు. నీటి నాచు పట్టకుండుటకు వాడు రంగులలో రాగి ఉండును. రాగి, ఇనుము, ఉప్పునీరు కలిసినచో విద్యుద్ఘటమేర్పడి ఇనుము తినివేయబడును. ఎపాక్సీ పూత వాటి నడుమ అడ్డుగోడ వంటిది.

డెక్కు చెప్పు మాట

డెక్కు సాధారణముగా రెండు ఫైబర్‌గ్లాసు పొరల నడుమ ప్లైవుడ్డు గాని తేలికయైన బాల్సా కొయ్య గాని పెట్టి చేయుదురు. పలక మందము రెండింతలైనచో వంగకుండు బలము ఎనిమిదింతలగును. అందుచేత నడుమ తేలిక పదార్థముంచి పొరలను ఎడముగా నిలుపుటచే బరువు పెరుగకయే డెక్కు బిగువుగా ఉండును. కాని మరలు బిగించిన రంధ్రముల గుండ వాననీరు దిగి, కొయ్య క్రుళ్లినచో రెండు పొరలకు నడుమ బంధము తెగును.

దీనిని కనిపెట్టుటకు చిన్న సుత్తి చాలును. డెక్కుపై అంగుళ మంగుళమునకు మెల్లగా తట్టుచు పోవలెను. గట్టిచోట ధ్వని ఖంగుమని పలుకును. క్రుళ్లినచోట బద్దగా, మందముగా వినిపించును. కుండల దుకాణములో కుండను వ్రేలితో తట్టి ఎంచుకొను వాడుక ఇట్టిదే. క్రుళ్లిన భాగమును త్రవ్వితీసి, ఆరనిచ్చి, ఎపాక్సీతో నింపి, ఆ నింపిన భాగములోనే మరకు క్రొత్త రంధ్రము చేసినచో నీరు మరల కొయ్యను చేరజాలదు.

స్తంభమును నిలుపు తీగలు

కాటలీనా 22 స్తంభము సుమారు 25 అడుగుల అల్యూమినియము గొట్టము. ముందు, వెనుక, ప్రక్కల కట్టిన ఉక్కు తీగలే దానిని నిలుపును. ఉదాహరణకు డెక్కునకు 4 మీటర్ల ఎత్తున గాలి 50 కిలోగ్రాముల బలముతో నెట్టుచున్నదనుకొందము. స్తంభపు మొదలు చుట్టును దాని భ్రామకము 200 కిలోగ్రామ్-మీటర్లు. ప్రక్క తీగ స్తంభపు మొదలునకు ఒక మీటరు దూరమున మాత్రమే పనిచేయును గనుక దానిపై 200 కిలోగ్రాముల లాగుడు పడును. గాలి వేగము రెండింతలైనచో గాలి నెట్టు బలము నాలుగింతలగును. ఇన్ని తీగలలో ఒక్క ముఖ్యమైన తీగ తెగినను స్తంభము మనుష్యులపై కూలును.

ఈ తీగలు త్రుప్పుపట్టని ఉక్కుతో చేసినవి. ఆ ఉక్కును కాపాడునది ఉపరితలముపై నుండు సన్నని క్రోమియము ఆక్సైడు పొర. గీత పడినను గాలిలోని ఆమ్లజని వలన ఆ పొర వెంటనే మరల ఏర్పడును. కాని తీగ కొనకు నొక్కి బిగించిన గొట్టములోపలి సందులలో ఆమ్లజని అందదు. ఉప్పునీరు మాత్రము నిలిచియుండును. అచట పొర చెడి, ఉక్కు లోలోపల పగులును. అందుచేత త్రుప్పుపట్టని ఉక్కు సైతము కనబడని చోట్లనే చెడును.

తీగ పొడవునను దూదిని పట్టి జరుపవలెను. తెగిన పోగు దూదిని పట్టుకొనును. చేతితో రాయరాదు, చర్మము చీరును. కొనలందలి గొట్టములను భూతద్దముతో చూడవలెను. వెంట్రుకవంటి పగులు గాని, గోధుమరంగు చార గాని కనిపించినచో ఆ తీగను వాడరాదు. తీగల వయస్సు తెలియనిచో అన్నింటిని ఒకేమారు మార్చుట క్షేమము. అల్యూమినియము స్తంభములో ఉక్కు మరలున్న చోట తెల్లని పొడి పేరియుండుట చూడవచ్చును. రెండు లోహముల నడుమ విద్యుద్రసాయన చర్య వలన అల్యూమినియము కరగుచున్నదని దాని అర్థము. మరకును స్తంభమునకును నడుమ నైలాను వాషరు నుంచుట దీనికి ఉపాయము.

ట్రైలరును మరువరాదు

పడవ ప్రయాణములో తొలి ప్రమాదము నీటిలో గాక రోడ్డుపైననే కలుగవచ్చును. చాలకాలము కదలని టైరులు చూపునకు బాగున్నను, ఎండ వలనను ఓజోను వలనను రబ్బరు పగులును. 2000 నుండి తయారైన టైరులపై నాలుగంకెల సంఖ్యలో తయారైన వారము, సంవత్సరము ముద్రించియుండును. 2315 అనగా 2015వ సంవత్సరపు 23వ వారము.

చక్రముల బేరింగులకు గల ఆపద చిత్రమైనది. దూరప్రయాణము చేసిన చక్రపు నడిబొడ్డు వేడెక్కియుండును. దానిని వెంటనే చల్లని నీటిలో ముంచినచో లోపలి గాలి సంకోచించును. ఉష్ణోగ్రత 70 డిగ్రీల నుండి 20 డిగ్రీల సెంటీగ్రేడునకు తగ్గినచో, పరమమానమున 343 నుండి 293కు దిగినట్లు. పీడనము సుమారు ఏడవ వంతు తగ్గును. వెలుపలి నీరు సీలు సందులగుండ లోపలికి పీల్చబడి గ్రీజును పాడుచేయును. తిరుగు ప్రయాణములో బేరింగు బిగిసి చక్రము ఊడిపోవచ్చును. కావున ఒడ్డు చేరిన వెంటనే నీటిలో దింపక, చక్రములు చల్లారువరకు ఆగవలెను. ఆ వ్యవధిలోనే స్తంభమును నిలబెట్టుకొనవచ్చును.

పడవను ట్రైలరుపై ముందు వెనుకలుగా సరిగా అమర్చుట కూడ ముఖ్యము. మొత్తము బరువులో పదింట ఒక వంతునకు తక్కువ కాకుండ కారు కొక్కెముపై పడవలెను. బరువు వెనుకకు జరిగినచో ట్రైలరు పాము నడకవలె ఊగి కారును కూడ త్రోవ తప్పించును. రోడ్డుపై కీల్ బరువు ట్రైలరు దూలముపై ఆనవలెను గాని సన్నని తీగపై వ్రేలాడరాదు.

దింపు దినము

స్తంభమును ఎత్తుటకు ముందు తల యెత్తి చూడవలెను. పడవ ఒడ్డునకు పోవు దారిలో గాని, స్తంభమును నిలుపు చోట గాని పైన విద్యుత్తు తీగలున్నచో అచ్చట స్తంభమును ఎత్తరాదు. అల్యూమినియము మంచి విద్యుద్వాహకము. ట్రైలరుపై నిలిచిన పడవ స్తంభపు కొన నేలకు 30 అడుగులకు పైగా ఉండును. ఇట్టి తీగలు తగిలి ప్రాణములు పోయిన సంఘటనలు కలవు. మరమ్మతులన్నియు చక్కగా చేసినవారైనను ఈ ఒక్క చూపు మరచినచో ఫలమేమి?

నీటిలోనికి దింపిన పిదప పడవను వెంటనే ట్రైలరు నుండి విడువరాదు. పట్టీ ఉంచియే, ఒకరు లోపలికి పోయి ప్రతి కవాటమును, కీల్ ఇరుసును, గొట్టముల బిగింపులను దీపముతో పరీక్షించవలెను. పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషములాగి, మరల తాకి చూడవలెను. ఎచ్చటనైన చెమ్మ తగిలినచో పడవను పైకి లాగుట అప్పుడు సులభము. సరస్సు నడుమ అది సాధ్యము కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయములలో కొన్నింటిని తరగతిలోనే చూపవచ్చును. పలుచని ప్లాస్టిక్ సీసాలో వేడినీరు పోసి, పారబోసి, వెంటనే మూత బిగించి చల్లని నీటిలో ముంచినచో సీసా నొక్కుకొనిపోవును. చక్రపు నడిబొడ్డులో జరుగునది అదే. ఉప్పునీటిలో రాగి ముక్కతో చేర్చికట్టిన ఇనుప మేకును, విడి మేకును ప్రక్కప్రక్కన కొన్ని దినము లుంచినచో ఏది ముందు త్రుప్పుపట్టునో విద్యార్థులు తమ కన్నులతోనే చూతురు.