గర్భసంచి గడ్డలకు నాళబంధన చికిత్స: పిమ్మటి బహిష్టు



బహిష్టు మాట నలుగురిలో ఎత్తుట మర్యాద గాదని మనము తలంతుము. అయినను కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెపు పల్లెలలోను ఇంటి ఆడువారికి గర్భసంచి తీయించుటయో మానుటయో నిశ్చయించువారు తరచుగా మీవంటి పెద్దలే గనుక ఈ మాట మీకే చెప్పవలసియున్నది. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3 మందికి కొంచెము మించగా, ఆంధ్రప్రదేశమున సుమారు 9 మంది.

ఫైబ్రాయిడ్లనబడు గడ్డలు గర్భాశయపు కండరమున పెరుగునవి; క్యాన్సరు గావు. చాలమందికి ఏ బాధయు నుండదు. కొందరికి నెత్తురు మెండుగా పోయి పాండురోగము పట్టును.

పారిస్ వైద్యుడు రవీనా మొదట శస్త్రచికిత్సలో రక్తస్రావము తగ్గుటకై గర్భాశయ ధమనులను ముందుగా మూయించెడివాడు. ఆ మూతతోనే కొందరికి బాధ శమించి కత్తితో పనిలేకపోయెను. ఈ సంగతిని 1995లో ప్రకటించెను. తొడమొదటగాని మణికట్టుకడగాని నాళములో సన్నని గొట్టము చొప్పించి, ఎక్స్‌రే సాయమున గర్భాశయ ధమనిని చేరి, ఇసుకవంటి రేణువులను విడుతురు. నెత్తురందక గడ్డలు కుంచించుకొనిపోవును, స్రావము తగ్గును.

ఇక చిక్కు. ఏలూరిలో కృష్ణా గోదావరుల కాలువలు కలిసినట్లే, గర్భాశయ ధమనియు అండాశయ ధమనియు సన్నని నాళములతో కలిసియుండును. ఒకదానిలో విడిచిన రేణువులు కొన్ని రెండవదానికి పోవచ్చును. అండాశయమునకు నెత్తురు తగ్గినచో బహిష్టు ఆగును. పలువురికి కొన్ని నెలలలో తిరిగివచ్చును. 45 ఏండ్లు దాటినవారిలో కొందరికి శాశ్వతముగా ముట్లుడుగును, పడుచువారికిది అరుదు. ఉపమానమును మరీ సాగదీయరాదు: కాలువ లాకు మరల ఎత్తవచ్చును, సాధారణముగా వాడు ఈ రేణువులను తీయ వీలులేదు. కావున బిడ్డలు కావలెనను కోరికయున్నచో ముందే వైద్యునితో చెప్పి, గడ్డను మాత్రము తీయు శస్త్రచికిత్సను గూర్చియు విచారింపవలెను. గర్భసంచి తీసినచో బహిష్టు ఎట్లును ఉండదు.

చికిత్స పిమ్మట రెండు నెలలు బహిష్టు కాకపోగా కోడలు కడుపుతో నున్నదని మురిసిన ఇల్లొకటి నేనెరుగుదును. పరీక్షలో గర్భము లేదనిరి. మూడవ నెలలో బహిష్టయ్యెను. ఊహింపక పరీక్షయే చేయించుట మేలు.

మొదటి దినములలో పొత్తికడుపు నొప్పి, కొంచెము జ్వరము, కొన్ని వారములు స్రావము సహజము. ఒకప్పుడు గడ్డముక్క పడవచ్చును. దుర్వాసనగల స్రావమును విడువని జ్వరమును కనిపించినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. కొందరికి కొన్ని ఏండ్లకు మరల చికిత్స కావలసివచ్చును. పండ్రెండు నెలలు ఆగిన బహిష్టు మరల కనబడినచో, అది ఏ వయసువారికైనను, వైద్యునికి చూపవలెను.