ఒక్క సర్వరు ఎందఱిని భరింపగలదు?

రథసప్తమినాడు శ్రీకాకుళమునకు చెంతనేయున్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమును చూచినవారికి ఈ విషయము సగము తెలిసినట్లే. అర్ధరాత్రి దాటినది మొదలు జనము బారులు తీరుదురు. స్వామి యెదుట ఒక్కొక్కరు రెండేసి సెకండ్లు నిలిచిరనుకొందము. ఒక వరుసలో గంటకు 1,800 మందికి దర్శనమగును; రెండు వరుసలైనచో 3,600 మందికి. బయట ఎన్ని పందిళ్ళు వేసినను ఈ లెక్క మారదు. పందిళ్ళు వేచియున్నవారికి నీడనిచ్చును గాని దర్శనమును త్వరపెట్టవు.

వెబ్ సర్వరు సంగతియు నిట్టిదే. పరీక్షాఫలితములు వెలువడునాడు పలాసలో నెట్ దుకాణమున కూర్చున్న విద్యార్థి గాని, కౌన్సెలింగు గడువు ముగియు సాయంకాలమున సెల్‌ఫోను పట్టుకొన్న బొబ్బిలి బాలిక గాని తెఱపై తిరుగు చక్రమును చూచుచు కూర్చుండుటకు కారణము పలుమాఱు ఒక్కటే. ఎందఱు వత్తురో, యంత్రము ఎందఱిని భరించునో ముందుగా ఎవరును లెక్క కట్టలేదు. గడువు దాటిపోయిన సీటు తిరిగి రాదు గదా!

లెక్క కష్టమైనది కాదు. ఒక అభ్యర్థనకై ప్రాసెసరు 50 మిల్లీసెకండ్లు పనిచేసినచో, ఎనిమిది కోర్ల యంత్రము సెకండునకు 160 అభ్యర్థనలను తీర్పగలదు. కాని సర్వరు వెనుక డేటాబేసు కలదు. దానికి 20 కనెక్షన్లే యుండి, ప్రతి అభ్యర్థనయు ఒక కనెక్షనును 200 మిల్లీసెకండ్లు పట్టియుంచినచో సెకండునకు నూఱు మాత్రమే సాగును. ఇరుకైన ద్వారమే లెక్కకు వచ్చును. అది తెలియక ప్రాసెసర్లను రెట్టింపు చేసి, సొమ్ము వ్యయపఱచి, ఫలితము కానరాక విస్తుపోవువారిని మేము చూచితిమి.

ఇక వచ్చువారి లెక్క. పదివేలమంది ఒకేమాఱు చేరి, పదేసి సెకండ్లకొకమాఱు నొక్కుచున్నచో సెకండునకు వేయి అభ్యర్థనలు. దినమునకు ఇన్ని యని సగటు తీయుట ఇచ్చట జరుగు పొరపాటు. ఏడాది సగటును బట్టి రథసప్తమికి ఏర్పాట్లు చేయుదుమా? 2021 ఏప్రిల్ 28 సాయంకాలము 4 గంటలకు, 18 ఏండ్లు నిండినవారి టీకాలకై కోవిన్ నమోదు తెఱవగనే అది కొంతసేపు తడబడినది. ఆనాడే కోటికి పైగా పేర్లు నమోదైనవి.

పూర్తి సామర్థ్యమునకు నడపవచ్చునా? కూడదనియే మా యభిప్రాయము. 1909లో కోపెన్‌హాగెన్ టెలిఫోను పిలుపుల రాకను గణితమునకు లోబఱచిన ఎర్లాంగ్ నాటినుండి పెరిగిన శాస్త్రము చెప్పునదిది: రాకకు నియమము లేనప్పుడు, ఒకే కౌంటరు సగము కాలము పనిలోనున్నచో 50 మిల్లీసెకండ్ల పనికి మొత్తము సుమారు 100 పట్టును, నూటికి 90 పాళ్ళు నిండినచో 500, 95 పాళ్ళైనచో ఒక సెకండు. పైగా ఆలస్యమైనకొలది జనము ఊరకుండరు, మఱల మఱల నొక్కుదురు. ఒక్కని అభ్యర్థన నాలుగగును. కనుక కొలిచిన సామర్థ్యములో నూటికి 60, 70 పాళ్ళకు మించి పనిని ఒప్పగింపరాదు.

ఆ కొలుచుటలోను ఒక మెలిక కలదు. కృత్రిమముగా అభ్యర్థనలను పంపు యంత్రమును సర్వరు ప్రక్కనేయుంచి పరీక్షించినచో అంతయు చక్కగా కనబడును. మందస కొండల చెంత సిగ్నలు నీరసించిన ఫోనుకు అదే పేజీ చేరుటకు నాలుగు సెకండ్లు పట్టవచ్చును. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రము ప్రకారము, లోపలనున్నవారి సంఖ్య రాకల వేగమును ఒక్కొక్కరు ఉండు కాలముతో గుణించినంత. సెకండునకు నూఱుమంది అట్టివారు వచ్చినచో, ప్రాసెసరు ఖాళీగా నున్నను నాలుగువందల కనెక్షన్లు నిండియుండును. అందుచేతనే అనుభవజ్ఞులు సర్వరు ముందు ద్వారపాలకుని వంటి మఱియొక ప్రోగ్రామును నిలుపుదురు. అది జవాబును సర్వరునుండి క్షణములో అందుకొని, నిదానముగా మందస ఫోనుకు అందించుచుండగా, సర్వరు తరువాతివానిని పిలుచును.